లెక్కలోకి రాని ఆదివారాలు

మా జిమ్ గాజు తలుపుకి లోపలివైపు ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. దాని మీద "ఆదివారం సెలవు" అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. నెలల తరబడి రోజూ దాన్ని చూశాను. చూసినప్పుడల్లా వీళ్ళకి పట్టుదల లేదు పాపం అని కాస్త జాలిపడ్డాను కూడా. ఆ అట్టముక్క నా మేలు కోరే అక్కడ ఉందని తెలుసుకోవడానికి నేను ఆసుపత్రి మంచం మీద, సెలైన్ సీసాల కింద ఒక వారం పడుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు వానాకాలం, గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. నా నడక మామూలైంది, నిద్ర మామూలైంది, మా ఆయన నాతో మాట్లాడటం కూడా మామూలైంది. ఇది రాయమన్నది మా అమ్మాయి గ్రేస్. "చర్చిలో ఆంటీలు ఒక్కొక్కరే అడగడం, నువ్వు ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పడం, మేం ఎండలో నిలబడటం. ఒక్కసారి రాసి పారెయ్యి అమ్మా" అంది. దాని బాధ నిజమే కాబట్టి రాస్తున్నాను. నాలాగా ఆవేశంగా మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా చదివి ఒకరోజు కాళ్ళు చాపుకుని కూర్చుంటే అంతకంటే కావలసిందేముంది.

నా పేరు రూతు. రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. నలభై దాటాయి. ఇంట్లో మా ఆయన, గ్రేస్, మా అమ్మ, నేను.

భస్మ బుధవారం

మా నాన్నగారిని దేవదానం మాస్టారు అనేవారు. మండపేటకీ తాపేశ్వరానికీ మధ్య ఒక ఊళ్ళో మిషన్ ఎలిమెంటరీ స్కూలుకి హెడ్మాస్టరుగా చేశారు. మేం లూథరన్లం. ఈస్టర్ పండగకి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలాన్ని శ్రమకాలం అంటాం. అది భస్మ బుధవారంతో మొదలవుతుంది. ఆ సాయంత్రం చర్చి నుంచి వచ్చాక ముగ్గురం చాప మీద కూర్చునేవాళ్ళం. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఈస్టర్ దాకా ఎవరేం వదిలేస్తున్నారు?" అని అడిగేవారు.

ఆయన ఎప్పుడూ టీ వదిలేసేవారు. అది ఆయనకంటే బడి పిల్లలకి ఎక్కువ కష్టంగా ఉండేది. టీ తాగని మాస్టారి దగ్గర ఎక్కాలు అప్పజెప్పడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ ఊళ్ళో ఇప్పటికీ సాక్షులున్నారు. అమ్మ చేపలు వదిలేసేది. కాలవ పక్కన పుట్టి పెరిగిన మనిషికి, ఇంటి ముందు నుంచి చేపల బుట్ట వెళుతుంటే తల తిప్పుకోవడం చిన్న విషయం కాదు. నేను తీపి వదిలేసేదాన్ని. తాపేశ్వరం కాజా సైకిలు మీద ఇంటికి వచ్చే దూరంలో ఉండి కూడా వదిలేసేదాన్ని. ఆ వయసులో నాకున్న ఆస్తి అంతా అదే.

ఆ అలవాటు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఈ ఏడాది భస్మ బుధవారం సాయంత్రం అమ్మ చేపలంది, మా ఆయన టీవీలో వార్తలన్నారు, గ్రేస్ చాలాసేపు ఆలోచించి ఫోన్లో రీల్స్ అంది. "మరి నువ్వు?" అని అందరూ నావైపు తిరిగారు.

"నేను వదలడం కాదు, పట్టుకుంటాను. ఈస్టర్ దాకా ఒక్కరోజు కూడా మానకుండా వ్యాయామం చేస్తాను. ఇదే నా మొక్కుబడి."

"దేవుడికి నీ కండలతో ఏం పనే?" అన్నారు మా ఆయన. గ్రేస్ పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలి. నాన్నగారికి షుగరు ఉండేది. అది మెల్లగా కిడ్నీల దాకా వెళ్ళింది. చివరి రోజుల్లో ఆయన్ని రాజమండ్రి మా ఇంటికే తెచ్చుకుని డయాలసిస్ చేయించాం. ఆ గది బయట ఇనప కుర్చీల్లో నేనూ అమ్మా కూర్చుని గడిపిన మధ్యాహ్నాలు నాకు చాలా గుర్తు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మొన్న చలికాలంలో మా కాలేజీలో అందరికీ రక్తపరీక్షలు చేస్తే నాకు షుగరు అంచు దాకా వచ్చిందన్నారు. ఆ కాగితం చేతిలో పట్టుకోగానే నాకు ముందు ఆ ఇనప కుర్చీలే కనిపించాయి. మర్నాడే వెళ్ళి జిమ్‌లో చేరాను. ఎలాగైనా ఆ గదికి దూరంగా ఉండాలి, అంతే నా కోరిక.

శ్రమకాలం

మా ట్రైనర్ సతీష్ ఆలమూరు వైపు కుర్రాడు. మొక్కు సంగతి చెప్పగానే తల గోక్కున్నాడు.

"మేడమ్, కొత్తలో రోజు మార్చి రోజు చాలండి. కండ గట్టిపడేది బరువు ఎత్తినప్పుడు కాదండి, ఇంటికెళ్ళి పడుకున్నప్పుడండి. మీరు పడుకోకపోతే అదెలా గట్టిపడద్దండి?"

"ఇది మొక్కు సతీష్."

అతను ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు. మొక్కు అనగానే అతని నోటికి తాళం పడింది. "ఆయ్, మొక్కంటే మరి నేనేం చెప్పగలనండి. చిన్న బరువులు ఎత్తండి మరి" అని ఊరుకున్నాడు. మా ఇద్దరి భక్తీ కలిసి నా కాళ్ళ మీదకి వచ్చింది.

మొదటి వారం హాయిగా గడిచింది. ఒళ్ళు తేలికగా ఉండేది. ఆఫీసులో మెట్లు రెండేసి ఎక్కేదాన్ని. తర్వాత మెల్లగా ఒళ్ళు ఎదురు చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్న మంచం దిగుతుంటే తొడలు పట్టేసేవి. గ్రేస్‌కి జడ వేస్తుంటే చేతులు వణికేవి. ఎంత అలిసిపోయినా కంటి మీద కునుకు ఉండేది కాదు. ఊరికే చిరాకు. కూరలో ఉప్పు తగ్గిందని ఒకరోజు మా ఆయన మీద గిన్నె విసిరినంత పని చేశాను. ఇవన్నీ ఆగమని ఒళ్ళు చెబుతున్న మాటలని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం శ్రమకాలంలో శ్రమ లేకపోతే ఎలా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మొక్కు మొక్కుకున్నాక విశ్రాంతి కూడా పాపంలాగే కనిపిస్తుంది.

ఆదివారం జిమ్ ఉండదు. అందుకని చర్చి నుంచి రాగానే డాబా మీదకి వెళ్ళి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని గుంజీలు, గెంతులు. డంబెల్స్ లేవు కాబట్టి మంచినీళ్ళ టిన్నులు. ఎండ నెత్తి మీద మాడ్చేసేది. అమ్మ మెట్ల మొదట్లో నిలబడి కేకేసేది.

"ఆదివారం పూట ఈ గెంతులేంటే? మీ నాన్నగారుంటే ఊరుకునేవారా?"

"ఇది పని కాదమ్మా, మొక్కుబడి."

"అదేం మొక్కుబడో! ఎద్దులక్కూడా ఇంత చాకిరీ ఉండదు" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయేది.

అమ్మ అన్న మాట నిజం. నాన్నగారు ఊరుకునేవారు కాదు. మా చిన్నప్పుడు ఆదివారం అంటే ఆదివారమే. శనివారం సాయంత్రానికి ఇంట్లో పనంతా అయిపోవాలి. అమ్మ పప్పు రుబ్బి పెట్టేది, బియ్యం ఏరి పెట్టేది, నీళ్ళు పట్టి పెట్టేది. నాన్నగారు ఇత్తడి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసుకుని తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేసేవారు. ఆ బొగ్గుల వాసన, దాని మీద నీళ్ళు చిలకరించిన గుడ్డ వాసన తగిలితే చాలు, రేపు బడి లేదు, రేపెవరూ ఎవరినీ ఏ పనీ చెయ్యమనరు అని తెలిసిపోయేది.

ఆదివారం ఆరాధన అయ్యాక కోడికూర భోజనం. తర్వాత నాన్నగారు వీధి తలుపు దగ్గరకి వేసేసి చాప పరిచేవారు. ముగ్గురం వరసగా పడుకునేవాళ్ళం. రైతులు పని మీద వచ్చినా, ట్యూషన్ పిల్లల తండ్రులు వచ్చినా ఆయన లేచేవారు కాదు. "రేపు రండి బాబూ, ఇవాళ ఆదివారం" అని పడుకునే చెప్పేవారు. మిల్లు లారీలు దూరంగా వెళ్ళే చప్పుడు, కొబ్బరాకుల గలగల. నిద్ర పట్టకపోయినా కళ్ళు మూసుకుని పడుకోవాల్సిందే. అప్పుడది నాకు శిక్షలాగే ఉండేది. ఇప్పుడు ఆ చాప మీద ఒక్క గంట పడుకోనిస్తానంటే నా జీతంలో సగం ఇచ్చుకుంటాను.

మట్టల ఆదివారం

ఆ ముందు శుక్రవారం చర్చిలో ఉపవాస కూటం. పొద్దుట్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. ఆ మంచినీళ్ళు కూడా నామమాత్రం. కూటం అయ్యాక అటు నుంచి అటే జిమ్‌కి వెళ్ళాను. ఆ రోజు సతీష్ ఊళ్ళో లేడు. పక్కన ఎవరో అమ్మాయి చకచకా గుంజీలు తీస్తుంటే నాకూ పౌరుషం వచ్చింది. ఆమె వయసు నా వయసులో సగం ఉంటుంది. కడుపులో గింజ లేదు. ఫ్యాన్లు వేడిగాలి విసురుతున్నాయి. కళ్ళు తిరిగినా ఆపలేదు. శనివారం తొడలు బండల్లా బిగిసిపోతే ఒక నొప్పిమాత్ర వేసుకుని మళ్ళీ వెళ్ళాను.

ఈస్టర్‌కి సరిగ్గా వారం ముందు వచ్చే ఆ ఆదివారం మట్టల పండగ. పిల్లలూ పెద్దలూ ఈత మట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటూ చర్చి చుట్టూ తిరుగుతారు. నాకు ఏడాదిలో అన్నిటికంటే ఇష్టమైన ఆదివారం అది. పాట మొదలైంది. అందరూ లేచారు. నేను లేవబోయాను. కాళ్ళు లేవలేదు.

మళ్ళీ ప్రయత్నించాను. ముందు బల్లని రెండు చేతులా పట్టుకుని లాక్కున్నాను. తొడలు నావి కానట్టే ఉన్నాయి. చుట్టూ అందరూ మట్టలు ఊపుతూ నడిచి వెళ్ళిపోతున్నారు. నేనొక్కదాన్నే తల వంచుకుని కూర్చున్నాను. పక్క వరసలో ఆవిడ నేను ప్రార్థనలో ఉన్నాననుకుని చప్పుడు చెయ్యకుండా పక్కనుంచి వెళ్ళింది. గ్రేస్ వెనక్కి వచ్చి, "అమ్మా, లే" అంది. "లేవలేకపోతున్నానే" అన్నాను. దాని చేతిలో మట్ట కింద పడిపోయింది.

మా ఆయన దాదాపు మోసుకుని ఆటో ఎక్కించారు. ఇంటికి వచ్చి బాత్రూమ్‌కి వెళ్ళాను. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. నాన్నగారి రోజుల్లో నేను నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. అందులో మొదటిది, ఆ రంగు ఎప్పుడూ మంచిది కాదని. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడి, "ఏవండీ, ఆసుపత్రికి పదండి" అన్నాను.

ఆ వారం

అదే ఆసుపత్రి. రాజమండ్రిలో ఇన్ని ఆసుపత్రులుండగా కిడ్నీ డాక్టరుగారు ఆ పూట ఉన్నది అక్కడే అన్నారు. అవే ఇనప కుర్చీలు, రంగు మాత్రం మార్చారు. మా ఆయన కౌంటర్ దగ్గరికి వెళ్ళారు. నేను చక్రాల కుర్చీలో కూర్చుని ఆ డయాలసిస్ గది తలుపు వైపు చూడకూడదని గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. ఏ గది నుంచి పారిపోతూ ఇన్నాళ్ళు గెంతానో, నా గెంతులే నన్ను తీసుకొచ్చి ఆ గది ముందు కూర్చోబెట్టాయి.

"మాస్టారి అమ్మాయిగారు కాదేంటండీ?"

తలెత్తి చూస్తే ఆయా నూకరత్నం. జుట్టు నెరిసింది. నాన్నగారు వస్తే మంచం మీద దుప్పటి సర్ది, కాళ్ళ కింద దిండు పెట్టేది ఆవిడే. "మాస్టారు పిల్లల కతలు చెప్పేవోరండి. సూదులు గుచ్చుతున్నా చెప్పేవోరండి. మీకేమైందమ్మా?" అని అడిగింది. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచి, "ఏడవకండమ్మా, నోరెండిపోద్ది. ముందు నీళ్ళు తాగండి" అని సీసా మూత తీసి నోటికి అందించింది. డాక్టరుగారు తర్వాత చెప్పిన వైద్యం కూడా దాదాపు అదే, కాకపోతే నరంలోంచి.

డాక్టరుగారు పరీక్షలు చూసి నిదానంగా చెప్పారు. కండరాలు మితిమీరిన శ్రమకి చిట్లిపోయాయి, వాటిలోంచి వచ్చిన చెత్త రక్తంలో కలిసి కిడ్నీలకి అడ్డం పడుతోంది, పస్తూ ఎండా నొప్పిమాత్రా తోడయ్యాయి. "ఎన్నాళ్ళ నుంచి విశ్రాంతి లేకుండా చేస్తున్నారమ్మా?" అని అడిగారు. "భస్మ బుధవారం నుంచి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మా ఆయన వివరించి చెప్పి, పళ్ళు బిగించి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

"సెలైన్ ఎక్కిద్దాం. రెండు మూడు రోజుల్లో కిడ్నీలు దారికొస్తే సరే. లేకపోతే కొన్నాళ్ళు డయాలసిస్ పెట్టాల్సి రావచ్చు" అన్నారు డాక్టరుగారు. ఆయన మెత్తగానే చెప్పారు. కానీ ఆ మాట ఎంత మెత్తగా చెబితే మాత్రం మెత్తగా ఉంటుంది.

సోమవారం రక్తపరీక్షలో కిడ్నీల అంకె పెరిగింది. మంగళవారం ఇంకా పెరిగింది. మా ఆయన నాతో పొడిపొడిగా మాట్లాడేవారు. "మందు వేసుకున్నావా?" "వేసుకున్నాను." అంతే. ఆయనకి కోపం వస్తే అరవరు, మాటలు తగ్గించేస్తారు. అరిచినా బాగుండేది. ఒకసారి మాత్రం నా కాలి మీద చెయ్యి వేసి, వాపు చూసి, "గ్రేస్‌ని నేనొక్కణ్ణే పెంచగలననుకున్నావా?" అన్నారు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

అమ్మ ఆ రెండు రోజులూ రాలేదు. ఎందుకు రాలేదని నేనూ అడగలేదు. నాన్నగారు పోయిన రోజు నుంచి ఆవిడ ఆ వీధిలోకే రాదు. మార్కెట్‌కి చుట్టూ తిరిగైనా వెళుతుంది గానీ అటువైపు నుంచి వెళ్ళదు.

బుధవారం పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి అమ్మ నా పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో జావ ఫ్లాస్కు. ఒక్కతే ఆటో మాట్లాడుకుని వచ్చిందట.

"రాగలిగావా అమ్మా?" అన్నాను.

"మలుపు దగ్గర ఆటో వెనక్కి తిప్పమందామనుకున్నానే. కానీ నువ్విక్కడుంటే నేనింట్లో ఎలా కూర్చుంటాను?" అని జావ గ్లాసులో పోసింది. నాతో తాగించి, గ్లాసు కడిగి వచ్చి, మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

"నీకు కాజా గుర్తులేదే?" అంది.

"ఏ కాజా?"

"శ్రమకాలంలో ఆదివారం కాజా. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నాన్నగారు జేబులోంచి తీసి పెట్టేవారు కాదూ? నేను తీపి వదిలేశాను నాన్నగారూ, దేవుడు కోప్పడతాడు అని నువ్వు ఏడిచేదానివి. ఆయనేమనేవారు?"

అప్పుడు గుర్తొచ్చింది. కాగితం పొట్లం, దానికి పాకం అంటుకుని జిగురుగా ఉండేది. నాన్నగారు నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టి చూపించేవారు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా రోజులన్నీ లెక్కపెడితే నలభై దాటిపోతాయి. ఆదివారాలు తీసేస్తేనే నలభై వస్తాయి. "ఆదివారాలు లెక్కలోకి రావమ్మా. ఎంత శ్రమకాలమైనా ఆదివారం ఉపవాసం లేదు, ఆదివారం పండగే" అనేవారు. అని తను కూడా ఒక గ్లాసు టీ తాగేవారు. వారానికి ఆ ఒక్క టీ, కళ్ళు మూసుకుని, చిన్న చిన్న గుక్కలు. అమ్మ ఆ రోజు చేపల పులుసు పెట్టేది.

పెద్దలు అంత పకడ్బందీగా పెట్టిన నలభై రోజుల్లోంచి నేను ఆదివారాలు ఎత్తేశాను. జిమ్ తలుపు మీద అట్టముక్కా అదే చెప్పింది, మెట్ల కింద నుంచి అమ్మా అదే చెప్పింది. చిన్నప్పుడే నా నోట్లో తీపి పెట్టి నేర్పిన పాఠం అది.

"డయాలసిస్ అన్నారమ్మా" అన్నాను. అంతవరకూ ఆ మాట ఆవిడ దగ్గర అనలేదు.

అమ్మ మొహం తిప్పుకోలేదు. "మీ నాన్నగారికి సోమ, బుధ, శుక్రవారాలు ఇక్కడ. మంగళవారం నువ్వు ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఏం చేస్తున్నారు నాన్నగారూ అంటే ఏమనేవారో గుర్తుందా?"

అది మాత్రం నేను మర్చిపోలేదు. "ఆదివారం చేసుకుంటున్నానమ్మా" అనేవారు. డయాలసిస్ లేని రోజులన్నీ ఆయనకి ఆదివారాలే. మా వరండాలో మడత కుర్చీ వేసుకుని, ఎవరే పని చెప్పినా "ఇవాళ నా ఆదివారం" అని నవ్వేవారు. ఒంట్లో శక్తంతా పోయిన మనిషి ఆ నవ్వెక్కణ్ణుంచి తెచ్చుకునేవారో అని ఆశ్చర్యపోయేదాన్ని.

"ఆయన ఇక్కడికి ఏడుస్తూ రాలేదే. ఏదొచ్చినా ఏడవకుండానే చూద్దాం. ముందు నువ్వు పడుకో. కళ్ళు మూసుకో. నిద్ర పట్టకపోయినా మూసుకో" అంది అమ్మ. చిన్నప్పుడు చాప మీద అన్నట్టే అంది. నేను మూసుకున్నాను. ఎన్ని వారాల తర్వాతో తెలీదు, నిద్ర పట్టింది.

గురువారం అంకె పెరగలేదు. గుడ్ ఫ్రైడే నాడు తగ్గింది. చర్చిలో మధ్యాహ్నం ఆరాధన జరుగుతున్న వేళకి డాక్టరుగారు వచ్చి, "డయాలసిస్ అక్కర్లేదమ్మా. మీ కిడ్నీలు దారికొస్తున్నాయి" అన్నారు. మా ఆయన అక్కడే, అందరి ముందూ, స్టూలు మీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నారు. నూకరత్నం చేతిలో చీపురు గోడకి ఆనించి, "చెప్పానా అండి" అంది, ఆవిడ ఏమీ చెప్పకపోయినా.

ఈస్టర్

శనివారం ఇంటికి పంపించారు. కొన్ని నెలలపాటు బరువులు ఎత్తొద్దు, నీళ్ళు బాగా తాగాలి, అడగకుండా నొప్పిమాత్ర ముట్టుకోవద్దు. మళ్ళీ మొదలుపెట్టే రోజున రోజు మార్చి రోజు మాత్రమే, ఉపవాసం ఉన్న రోజు అసలు వద్దు, నొప్పి తగ్గకపోతే ఇంకో రోజు ఆగాలి. ఇవన్నీ డాక్టరుగారి మాటలు. సతీష్ ఇంటికి కొబ్బరి బొండాలు పట్టుకుని వచ్చి, "నేను గట్టిగా చెప్పాల్సిందండి మేడమ్" అని తెగ బాధపడ్డాడు. "నువ్వు చెప్పావు బాబూ, వినలేదు అంతే" అన్నాను.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించడం మా ఆనవాయితీ. నాన్నగారి సమాధి ఊళ్ళో ఉంది. నేనూ వస్తానన్నాను. "అడుగు తీసి అడుగు వేస్తే ఊరుకోను" అంది అమ్మ. మా ఆయనా, అమ్మా, గ్రేస్ కారు మాట్లాడుకుని వెళ్ళారు. పక్కింటావిడ నాకు తోడు కూర్చుంది. నేను మంచం మీద పడుకుని, ఇప్పుడు ఆలమూరు దాటి ఉంటారు, ఇప్పుడు కొవ్వొత్తి వెలిగించి ఉంటారు అని ఊహించుకుంటూ ఉన్నాను.

ఎండెక్కాక వచ్చారు. అమ్మ సంచీలోంచి జిగురుగా ఉన్న కాగితం పొట్లం తీసింది. కాజాని రెండుగా విరిచి చిన్నది నా చేతిలో పెట్టింది. "డాక్టరుగారిని అడిగాను. చిన్న ముక్కకి ఏం కాదన్నారు. తిను, ఆదివారం" అంది. పాకం వేళ్ళ మీదకి కారింది. నేను నవ్వాను, ఏడ్చాను, తిన్నాను. గ్రేస్ మా ఇద్దరినీ వింతగా చూసి మిగతా ముక్క తీసుకుంది.

ఇప్పుడు

పోయిన వారం డాక్టరుగారు సరేనన్నాక మళ్ళీ జిమ్‌కి వెళ్ళాను. తలుపు మీద అట్టముక్క అలాగే ఉంది, అక్షరాలు కాస్త వెలిసిపోయాయి. సతీష్ నన్ను పూలదండ వేసి ఆహ్వానించలేదు గానీ అంత పని చేశాడు.

"ఏ రోజులు వస్తారండి మేడమ్?"

"సోమ, బుధ, శుక్ర."

ఆ రోజులు నా నోటికి వాటంతట అవే వచ్చాయి. అన్నాక గానీ అవి ఏ రోజులో నాకు తట్టలేదు.

"మరి మిగతా రోజులండి?"

"మిగతావన్నీ ఆదివారాలు" అన్నాను. సతీష్ కాసేపు లెక్క చూసుకుని, మొక్కు సంగతేమోనని అనుమానం వచ్చి, "ఆయ్" అని ఊరుకున్నాడు.

మంగళవారం ఆఫీసు నుంచి వచ్చి, అటక మీద నుంచి నాన్నగారి మడత కుర్చీ దింపించి, దుమ్ము దులిపి వరండాలో వేసుకున్నాను. సన్నగా వాన పడుతోంది. కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చున్నాను. ఆ కాళ్ళు నావేనని, అడిగితే లేస్తాయని తెలిసి కూర్చోవడం ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఆదివారం చేసుకుంటున్నానమ్మా" అన్నాను.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎన్నేళ్ళయిందో మా ఇంట్లో ఆ మాట వినపడి. కాసేపటికి అమ్మ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కుర్చీ వైపు చూసింది, నావైపు చూసింది. కళ్ళు తుడుచుకుని, నా పక్కన గుమ్మం మీదే కూర్చుంది.

"కాజా ఒకటి దాచాను. పెట్టనా?" అంది. "సగమే సుమా."